నాలుగు కన్నాల కాగితం

స్లైడక్కకి కోపం ముక్కుమీద ఉంటుందని ల్యాబులో అందరూ అంటారు. ముక్కుమీద ఉండేది కళ్లజోడు. కోపం ఉండేది నాలుక చివర.

ఇరవై రెండేళ్ల వయసులో గాజుపలకలు కడిగే పనికి ఆ రక్తపరీక్షల ల్యాబులో చేరింది. కడుగుతూనే పాత రీడరమ్మ భుజం మీంచి మైక్రోస్కోపులోకి తొంగిచూసి పని నేర్చుకుంది. సాయంత్రాలు చదివి పరీక్షలు రాసింది. రీడరమ్మ రిటైరైన మర్నాడు ఆ కుర్చీలో కూర్చుంది. అప్పటినుంచీ అదే కిటికీ, అదే కుర్చీ. కుర్చీ మీద దిండు మాత్రం మూడుసార్లు మారింది. ఊదారంగు మరకల మధ్య కణాలను ఇరుగుపొరుగువాళ్లని గుర్తుపట్టినట్టు గుర్తుపడుతుంది. ఆమె లెక్క తప్పిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అనడానికి ఎవరికీ గుండె చాలలేదన్నది వేరే సంగతి.

ఆ ల్యాబులో రీడరమ్మ పెట్టిపోయిన పద్ధతి ఒకటుంది. జ్వరం స్లైడు ఏదైనా ఇద్దరు చూడాలి. మొదటి మనిషి వంద తెల్లకణాలు లెక్కపెట్టి ఏ రకానివి ఎన్నో, మలేరియా క్రిములు ఉన్నాయో లేవో కాగితం మీద రాసి, రాసినంత మేరా మడిచి గుండుసూది గుచ్చుతుంది. రెండో మనిషి ఆ మడత విప్పకుండా తన లెక్క కింద రాయాలి. ఆ తరువాతే సూది తీసి రెండూ పక్కపక్కన చూస్తారు. తేడా ఎక్కువైతే స్లైడు ల్యాబు డాక్టరుగారి దగ్గరికి పోతుంది. "ఒక కన్ను మోసపోతుంది. రెండోది మొదటిదాన్ని అడిగి చూస్తే రెండూ మోసపోతాయి" అనేది రీడరమ్మ.

ఆ రెండో కన్ను ఐదు నెలలుగా ఫార్వర్డుది. పాతికేళ్ల పిల్ల, చురుకైనది. కొరియా సీరియల్ ఏదైనా ముందు ఆఖరి ఎపిసోడ్ చూసి, నచ్చితే మొదటిది మొదలుపెడుతుంది. పాటలొస్తే జరిపేస్తుంది, ఏడుపులొస్తే జరిపేస్తుంది, హీరో హీరోయిన్లు వానలో నిలబడి ఒకరినొకరు చూసుకుంటుంటే రెండుసార్లు జరిపేస్తుంది. అందుకే ఆ పేరు.

స్లైడక్క చూసే తీరు దీనికి పూర్తిగా ఎదురు. రోజుకొక్కటి, మొదటినుంచి చివరిదాకా. భర్త దూరపు రూట్ల బస్సు డ్రైవరు, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. మిగతా రోజులు ఇంట్లో ఉండేది ఆమె, అత్తగారు. పెద్దావిడ కళ్లలో శుక్లాలు. బొమ్మ కనిపిస్తుంది, కింద పడే అక్షరాలు అలుక్కుపోతాయి. కనక అక్షరాలన్నీ స్లైడక్క పైకి చదవాలి. ఆడగొంతుకి ఆడగొంతు, మగగొంతుకి మగగొంతు పెట్టి చదువుతుంది. మొదట్లో హీరోయిన్ "ఒప్పా" అన్నప్పుడల్లా కింద అక్షరాల్లో ఉన్నట్టే "అన్నయ్యా" అని చదివితే, పెద్దావిడ చెవులు మూసుకుంది. "ప్రేమించినవాణ్ని అన్నయ్యా అనడమేమిటే, కళ్లు పోతాయి!" ఆనాటినుంచి ఆ ఇంట్లో కొరియా పిల్లలందరూ "బావా" అంటున్నారు.

అత్తాకోడళ్లిద్దరూ ఒకరితో ఒకరు ప్రేమగా మాట్లాడుకునే గంట రోజు మొత్తంలో అదొక్కటే. అదెంత విలువైనదో స్లైడక్క ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ముగ్గురున్నారు. స్లైడక్క, ఫార్వర్డు, ముందుగదిలో పేర్లు రాసుకునే కౌంటరొదిన. పదకొండో ఎపిసోడ్ మీద చర్చ.

"ఆ పిల్లని చంపింది తోటమాలే" అంది కౌంటరొదిన. "మొదటినుంచీ చూస్తున్నా, ఒకటే చేతులు కడుక్కోవడం."

"చేతులు కడుక్కునేవాళ్లంతా హంతకులైతే మన ల్యాబుకి తాళం వెయ్యాలి వదినా."

"పోనీ, నువ్వెవరంటావు?"

"మా అత్తగారు సవతితల్లి అంటోంది. కథలో సవతితల్లి ఉండగా ఇంకొకరిని అనుమానించడం ఆవిడ దృష్టిలో పాపం. నేనింకా తేల్చుకోలేదు."

ఫార్వర్డు డబ్బా మూత నొక్కుతూ కిసుక్కున నవ్వింది. "భలే తిరుగుతున్నారు మీరిద్దరూ. రోజూ డాక్టరు మామయ్య పక్కనుంచే వెళ్తూ..."

నాలుక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది.

స్లైడక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "ఏమన్నావు?"

"ఏం లేదక్కా."

"ఆ పిల్లలకి బొమ్మలు తెచ్చే మామయ్యా? ఆయనా?"

కౌంటరొదిన చెవులు మూసుకుని "నేను వినలేదు, నేను వినలేదు" అంటూ డబ్బా సగంలో వదిలేసి లేచిపోయింది.

"పదకొండు రోజులు!" స్లైడక్క గొంతు ముందుగది దాకా వెళ్లింది. "పదకొండు రోజులు నేనూ ఆ ముసలావిడా పడిచస్తే, ఒక్క మాటలో బూడిద చేశావు. నీ నోటికి మూత లేదా? ఆ డబ్బాకున్న మూతైనా పెట్టుకో!"

"ముందే తెలిస్తే ఏమవుతుందక్కా? తెలిసి చూస్తే ఇంకా బాగా కనబడుతుంది. ఎక్కడెక్కడ ఆనవాళ్లు పెట్టారో అన్నీ తెలుస్తాయి."

"తెలిసి చూస్తే తెలిసిందే కనబడుతుంది! తెలియకుండా చూస్తేనే ఉన్నది కనబడుతుంది!"

చెయ్యి కడుక్కుని కుర్చీలో వచ్చి పడింది. ఒళ్లు ఇంకా కుతకుతలాడుతూనే ఉంది. బల్లమీద మూడు జ్వరం స్లైడ్లు ఎదురుచూస్తున్నాయి. మూడోది రెండున్నరేళ్ల పాపది. తొమ్మిది రోజులుగా జ్వరం. బయట వరండాలో ఆ తల్లి పాపని భుజాన వేసుకుని ఈ చివరనుంచి ఆ చివరకి నడుస్తోంది. చేతిలో చిన్న పుస్తకం, అందులో గంటగంటకీ జ్వరమెంతో రాసి ఉంది. పది నిమిషాలకోసారి కిటికీ దగ్గరకొచ్చి "అయిందాండీ?" అంటోంది. నాలుగింటికి రిపోర్టు ఇస్తామని కౌంటరొదిన చెప్పింది.

స్లైడక్క లెక్కపెట్టింది. కన్ను కణాల మీద, మనసు ఆ మామయ్య మీద. తెల్లకణాల లెక్క రాసి, "క్రిములు లేవు" అని కూడా రాసి, మడిచి, సూది గుచ్చి ట్రేలో పడేసింది. అరగంటకి ఫార్వర్డు తన లెక్క రాసి తెచ్చిపెట్టింది. స్లైడక్క సూది తీసి చూసింది. ఒక రకం కణాలు పైన నలభై ఒకటి, కింద నలభై రెండు. ఇంకో రకం పైన యాభై మూడు, కింద యాభై రెండు. "క్రిములు లేవు." "క్రిములు లేవు."

వేరే రోజైతే సంతకం పెట్టేసేది. అంకెలు అలా అతికినట్టు కలిస్తే నా శిక్షణ అని మురిసిపోయేది కూడా. ఆ రోజు "తెలిసి చూస్తే ఇంకా బాగా కనబడుతుంది" అన్న మాట చెవిలో ఈగలా తిరుగుతోంది. ఒకే బస్తాలోంచి ఇద్దరు చెరో గుప్పెడు గింజలు తీస్తే, రెండు గుప్పిళ్లలోనూ పుచ్చులు సరిగ్గా అన్నే ఉంటాయా? ఎప్పుడో ఒకసారి ఉంటాయి. రోజూ ఉంటాయా?

కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టింది. గుండుసూది ఒకసారి గుచ్చితే పై మడతలో ఒక కన్నం, కింది మడతలో ఒక కన్నం. రెండే ఉండాలి. మడత దగ్గర నాలుగు వెలుతురు చుక్కలు కనిపించాయి.

అరలోంచి కాగితాల కట్ట లాగింది. నిన్నటిది, నాలుగు. మొన్నటిది, నాలుగు. పోయిన నెలది, నాలుగు. ఒకదానికి ఆరున్నాయి. నాలుగు నెలల వెనక్కి వెళ్లాక గాని రెండు కన్నాల కాగితం దొరకలేదు.

"ఇలా రా."

ఫార్వర్డు వచ్చింది. స్లైడక్క కాగితాన్ని వెలుతురుకి పట్టుకునే ఉంది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"సీరియల్ సంగతి సరే. రక్తం కూడా ఆఖరి ఎపిసోడ్ ముందు చూసే చదువుతున్నావా? బయట ఆ తల్లి ఎవరిని నమ్ముకుని తిరుగుతోంది? ఇద్దరు చూశారని కదా! ఇద్దరెక్కడ? చూసింది ఒక్కతే! సిగ్గులేదూ?"

ఫార్వర్డు తలెత్తింది. ఆ కళ్లలో భయం లేదు, కోపం ఉంది.

"చేరిన మొదటి వారం నా లెక్క మీదానికి ఆరు తేడా వచ్చింది. గుర్తుందా? 'కళ్లు ఇంట్లో పెట్టి వచ్చావా' అన్నారు, అందరి ముందూ. మళ్లీ లెక్కపెట్టమన్నారు. నాలుగు తేడా. మళ్లీ. మీ అంకె వచ్చేదాకా మూడుసార్లు పెట్టించారు. తేడా వస్తే డాక్టరుగారి దగ్గరికి పంపాలి కదక్కా, ఒక్కటి పంపారా? రెండో కన్ను మీకెప్పుడు కావాలి? మీకు కావలసింది అద్దం."

ఆ మూడుసార్లూ స్లైడక్కకి గుర్తే. సరిగ్గా నేర్పాననుకుంది. లోపల రగిలేది చల్లారలేదు గాని, ఎటు తిరగాలో తెలియక తనమీదికే తిరిగింది.

"అయిందాండీ?" అంది కిటికీ దగ్గర తల్లి. "నాలుగు దాటింది."

"ఇంకా కాలేదమ్మా. ఇంకోసారి చూడాలి."

"తొమ్మిది రోజులండీ! చెప్పిన టైముకి ఇవ్వలేనివాళ్లు ఎందుకు చెప్తారు? దీనికి పొద్దుటినుంచి పాలు కూడా దిగలేదు. మీకేం, గాజుముక్క!"

ఎదురుచెప్పకుండా ఆ మాట పడింది స్లైడక్క. పడటం కొత్త ఆమెకి.

ఫార్వర్డు చేత మళ్లీ చదివించాలి, కానీ ఆ పిల్లకి పాప స్లైడుకి రాసిన జవాబు తెలిసిపోయింది. స్లైడక్క మూడు జ్వరం స్లైడ్లూ తీసుకుంది. అంచున పెన్సిలుతో వేసిన నంబర్ల మీద తెల్ల టేపు అంటించి, వెనక్కి తిరిగి పేకముక్కల్లా కలిపి, ట్రేలో పెట్టింది.

"ఏది ఎవరిదో నీకు తెలియదు. ఏముంటే అది రాయి. నేను ఈ గదిలో ఉండను."

వరండాలోకి వచ్చి నిలబడింది. తల్లి నడుస్తోంది. పాప భుజం మీంచి స్లైడక్క కళ్లజోడు వైపు నీరసంగా చూస్తోంది. ఏమవుతుందో తెలియని ముప్పావుగంట ఎంత పొడుగో, ఏ సీరియలూ ఆమెకి ఇంతవరకు చెప్పలేదు.

"అక్కా!" లోపలినుంచి ఫార్వర్డు గొంతు, సన్నగా. "రెండో దాంట్లో నాకు వేరుగా వస్తోంది. మనం రాసిన మూడు కాగితాల్లో దేనితోనూ కలవట్లేదు."

'మళ్లీ చూడు' అన్న మాట పళ్ల దాకా వచ్చింది. స్లైడక్క దాన్ని మింగి, లోపలికెళ్లి టేపు పీకింది. పాపది. మైక్రోస్కోపు మీదికి వంగింది. స్లైడు అంచున, ఎర్రకణం లోపల, సన్నని ఉంగరం. ఉంగరానికి రాయి పొదిగినట్టు ఎర్రచుక్క. పక్కన ఇంకొకటి. దూరంగా మూడోది.

రెండు గంటల క్రితం ఈ కన్నే వాటిమీదుగా జారిపోయింది. ఆ మామయ్య గురించి పళ్లు నూరుకుంటూ.

స్లైడు డాక్టరుగారి దగ్గరికి తనే పట్టుకెళ్లింది. ఆయన చూసి తలూపాడు. మలేరియానే, మందుకి లొంగేదే, ఇవాళే మొదలుపెట్టాలి. అప్పుడు కాగితాల కట్ట ఆయన ముందు పెట్టి, ఫార్వర్డు ఏం చేసిందో ఒక వాక్యంలో, తను ఏం చేసిందో నాలుగు వాక్యాల్లో చెప్పింది. ఇరవై ఆరేళ్లలో ఆయన ఆమె మీద అరవడం అదే మొదలు. నాలుగు నెలల జ్వరం స్లైడ్లన్నీ రేపటినుంచి వేరే కళ్లతో మళ్లీ చూడాలన్నాడు, ఆ రోగులందరికీ తనే స్వయంగా ఫోను చేస్తానన్నాడు. తలుపు మూసి ఉన్నా కౌంటరొదినకి ప్రతి మాటా వినబడింది.

రిపోర్టు అందుకున్న తల్లి ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "జబ్బు పేరు తెలిసింది. చాలు" అంది. వెంటనే కళ్లు తెరిచి, "ఇదేదో నాలుగింటికే చెప్పొచ్చుగా!" అని విసవిసా వెళ్లిపోయింది.

నాలుగింటికి వెళ్లాల్సిన కాగితం మీద ఏముందో స్లైడక్కకి తెలుసు.

ఏడింటికి ఇంట్లో అత్తగారు దిండ్లు సర్దుకుని సిద్ధంగా ఉంది. పన్నెండో ఎపిసోడ్. స్లైడక్క చదవడం మొదలుపెట్టింది. తెరమీదికి డాక్టరు మామయ్య వచ్చి పిల్లవాడి జుట్టు నిమిరాడు.

"'ఏడవకురా కన్నా, నేనున్నాగా.'"

"ఆగవే" అంది పెద్దావిడ. "వీడి మాటలేమిటి ఇవాళ పళ్లబిగువున చదువుతున్నావు? నిన్నటిదాకా తేనె రాసి చదివావుగా."

"అలసటగా ఉంది అత్తయ్యా."

"పొరలు నా కళ్లకి, చెవులకి కాదు. చంపింది వీడేనా?"

స్లైడక్క గబగబా తరువాతి అక్షరాలు చదవబోయింది. పెద్దావిడ రిమోటు తీసి మంచం మీద విసిరికొట్టింది.

"ఎవర్తే నీకు చెప్పింది? దాని నోరు పడిపోను! పదకొండు రోజులు ఆ సవతితల్లిని తిట్టిన తిట్లన్నీ ఇప్పుడెక్కడ పొయ్యను? తీసెయ్, నాకొద్దు. ఇంకోటి పెట్టు. నీకూ తెలియనిది పెట్టు."

కొత్తది వెతుకుతూ స్లైడక్క ఫార్వర్డుకి మెసేజి కొట్టింది. 'వేరేది మొదలుపెడుతున్నాం. పేరు చెప్పను. ఆ మామయ్య సంగతి నిన్ను ఈ జన్మకి క్షమించను.'

కాసేపటికి జవాబొచ్చింది. 'సరే అక్కా. రేపు కూడా నా లెక్క వేరుగా వస్తే?'

స్లైడక్కకి కోపం ఇంకా తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే తెల్లారిపోతుంది.

'రానీ' అని కొట్టి ఫోను బోర్లా పెట్టింది.

"అక్షరాలు పడుతున్నాయే, చదువు" అంది అత్తగారు.