నేల మీద నుంచి లేవడం

ఎండేసిన కవళ్ళ చేపలను తిరగేద్దామని ఇసుకలో గొంతుక్కూర్చున్నదాన్ని, పని అయ్యాక లేవలేకపోయాను. మోకాళ్ళు రెండూ బిగుసుకుపోయాయి. చెయ్యి ఆనించి లేద్దామంటే కుడి భుజం అంతకు ముందు ఏడాదే పైకి రావడం మానేసింది. కాకులు నా ఎదురుగానే చేపలు ఎత్తుకుపోతుంటే అదిలించలేకపోయాను. కేక వేస్తే ఎవరైనా వచ్చేవారు. వెయ్యలేదు. పక్కకు ఒరిగి, ఇసుకలో దేక్కుంటూ ఒడ్డున ఉన్న తెప్ప దాకా పోయి, దాని అంచు పట్టుకుని లేచాను. ఇంటికి వచ్చి కోడలితో, చేపలు కాకులు తిన్నాయని మాత్రం చెప్పాను.

మాది కళింగపట్నం. మగవాళ్ళు వేటకి పోతారు, వాళ్ళు తెచ్చింది అమ్మడం ఆడవాళ్ళ పని. మా అత్త సంతలో ఎండు చేపలు అమ్మేది. ఆవిడ పోయాక ఆవిడ కూర్చున్న చోటే నేను కూర్చున్నాను. ఎండు చేపలమ్మే ఆ వరుసకి పట్టా లేదు, కాగితం లేదు. ఉన్నది ఒక కట్టుబాటు. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు సముద్రంలో వేట ఆపిస్తుంది. పచ్చి చేప దొరకదు కనక ఎండు చేపకి అప్పుడే గిరాకీ. వేట ఆగాక వచ్చే మొదటి సంతనాడు ఎవరు ఎక్కడ గోనె పరుచుకుని కూర్చుంటే, ఆ ఏడాదంతా ఆ చోటు వాళ్ళది. మనిషే కూర్చోవాలి. గంప పెట్టి పోతే చెల్లదు. స్టూలు వేసుకుంటే చెల్లదు. కొనేవాళ్ళు మన ఎదుట గొంతుక్కూర్చుని చేప విరిచి, వాసన చూసి బేరమాడతారు. వాళ్ళకంటే ఎత్తున కూర్చుని అమ్మే ఆచారం మా వరుసలో లేదు.

ఆ చోటు పోతే ఇక కొడుకు పెట్టే అన్నమే. నా కొడుకు మంచివాడే. కోడలూ చెడ్డది కాదు. కానీ నా మందుబిళ్ళకి ఇంకొకరి ముఖం వంక చూడడం నాకు చేతకాదు. ఒక నూలుపోగు కూడా పారెయ్యకుండా బతికిన మనిషిని. చెయ్యి చాచడం నేర్చుకోలేదు.

శ్రీకాకుళంలో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముకల మధ్య గుజ్జు అరిగిపోయిందన్నాడు. ఆపరేషను మాటెత్తితే గుండె పరీక్ష చేయించి, ఆ గుండెకి ఇప్పుడు ఆపరేషను వద్దన్నాడు. ఒక చీటీ రాసిచ్చి జిమ్‌కి పొమ్మన్నాడు.

"బాబూ, జిమ్మంటే కుర్రోళ్ళు ఇనప గుళ్ళెత్తీ కాడ కాదేటి? నానేటి ఎత్తాల?"

"ముందు నిన్ను నువ్వు ఎత్తుకోవాలమ్మా. కాలి కండకి బలం వస్తే కీలు మీద బరువు తగ్గుతుంది. అక్కడొక ఫిజియోథెరపీ చదివిన అమ్మాయి ఉంది. నీకు ఏది చెయ్యాలో, ఏది చెయ్యకూడదో ఇందులో రాశాను. ఆమె చెప్పినట్టు మెల్లగా చెయ్యి. తల మీద బరువు మొయ్యకు. నేల మీద కూర్చోకు."

మిగతా మాటలన్నీ ఇంటికి తీసుకువచ్చాను. చివరి మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వీధిలో నవ్వులకి కొదవ లేకపోయింది. నీళ్ళకి వెళ్ళిన కోడలు బిందె దించుతూ, "అత్తా, కుళాయి కాడ అందరూ అడుగుతన్నారు, మీ అత్త కుస్తీకి ఎల్తన్నాదేటి అని" అంది.

"నువ్వేటన్నావు?"

"ముందు నన్నే పడగొడతాది, తరవాత మీ ఇళ్ళకొస్తాది అన్నాను."

ఆ జిమ్ సెల్‌ఫోన్ల కొట్టు పైన, మేడ మీద ఉంది. మోకాళ్ళు పోయినవాళ్ళని మేడ ఎక్కమన్న తెలివి ఎవరిదో గాని, ఆ మెట్లు ఎక్కేసరికే నా ప్రాణం సగం పోయింది. రెండు చేతులతో గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టు మీదా రెండు పాదాలూ చేర్చి, పైకి పోయాను. పగటి పూట ఆడవాళ్ళకి విడిగా సమయం ఉండేది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగు పెడితే గోడల నిండా అద్దాలు. మా ఇంట్లో అద్దం ముఖం వరకే. నా మనిషిని తల నుంచి కాలి దాకా చూసుకోవడం నాకు అదే మొదలు. నడుం ఒక పక్కకి ఒరిగి, కాళ్ళు విల్లులా వంగి, ఎవరో ముసలిది నా చీరె కట్టుకుని నిలబడినట్టుంది.

ఫిజియో అమ్మాయిది విజయనగరం పక్క పల్లె. పట్నం చదువు చదివినా నోరు తెరిస్తే మన మాటే.

"మామ్మా, బూట్లు తేలేదేటి?"

"పుట్టిన కాడి నుంచి ఇసకలో నడిసిన కాళ్ళే. ఈటికి బూట్లేటి?"

"ఇసక కాదు కదా ఇది. జారితే నాను మీ కొడుక్కి ఏటి సెప్పాల?"

మర్నాడు మా మనవడికి బిగువైపోయిన బడి బూట్లు తొడుక్కుని వెళ్ళాను. నా పాదం చిన్నది. కొత్తవి కొనడానికి మనసొప్పలేదు.

ఇక అక్కడ పనేమిటంటే, ఎత్తు కుర్చీలో దిండు మీద కూర్చుని, చేతులు ఆనించకుండా లేవడం. గోడ మీద వేళ్ళతో పాకిస్తూ కుడి చెయ్యి పైకి జరపడం. కాలికి రబ్బరు పట్టీ తగిలించి చాపడం. ఎక్కడికీ కదలని సైకిలు తొక్కడం. కుర్చీలో కూర్చుని లేవడానికి బస్సెక్కి ఇంత దూరం రావాలా అని లోపల ఉడికిపోయేదాన్ని. ఆ పిల్ల మాత్రం పక్కనే నిలబడి, "ఊపిరి బిగబట్టకు మామ్మా, వదులు" అనేది. నాలుగు వారాలయ్యేసరికి దిండు తీసేసింది. మెట్ల మీద కూడా ఒక చెయ్యి గోడ వదిలింది. ఆ మెరుగు నా కంటికి ఆనలేదు. వేట ఆగే రోజు దగ్గర పడుతోంది, నేను ఇంకా కుర్చీ ఎత్తు దగ్గరే ఉన్నాను. నేల ఎంతో కిందికి ఉంది.

అప్పుడే ఒకనాడు సంతలో నా పక్కన కూర్చునే ఆవిడ మా ఇంటికి వచ్చింది. వరసకి వదిన. నా చోటుకీ దాని చోటుకీ నడుమ జానెడు నేల కోసం మా ఇద్దరికీ ఏళ్ళ తరబడి తగువు. అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించి, నా కాళ్ళ వంక చూసింది.

"ఏటొదినా, మొదటి సంతకి వస్తావా రావా? సెప్పెయ్. మా కోడలు కాళీగా ఉన్నాది, నీ సోట్లో కూకోబెడతాను."

"నా గోనె మీద ఇంకోలు కూకుంటే అప్పుడు సెప్తాను."

"కూకోడానికేటి, నువ్వూ కూకుంటావు. నెగదీడానికి క్రేను ఎవులు తెస్తారు?"

"నా కొడుకు తెస్తాడు. ముందు నిన్నెత్తి వంశధారలో పడేసి, అప్పుడు నా కాడికొస్తాది."

అది విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. అది వెళ్ళాక లోపలికి పోయి తలుపు చేర్చుకుని గోడకి ఆనుకున్నాను. అది ఊరికే రాలేదు. చోటు కొలుచుకోవడానికి వచ్చింది.

ఆ భయంలోనే బుద్ధి గడ్డి తింది. జిమ్‌లో ఆ పిల్ల నా చీలమండకి అరచేతిలో ఇమిడే ఇసుక సంచి ఒకటి కట్టి పైకి లేపమనేది. ఆ కాస్త బరువుతో ఇంత బలం వస్తే, ఎక్కువ బరువుతో బేగి రాదా అనుకున్నాను. మా ఇంట్లో నా పెనిమిటి విసురు వల ఉంది. వల అంచున సీసం గుళ్ళు ఉంటాయి. అవి విప్పి, పాత చీరె పేలికలో వరసగా పోసి కుట్టి, రెండు చీలమండలకీ చుట్టుకున్నాను. కోడలు లేవకముందే మంచం అంచున కూర్చుని కాళ్ళు ఎత్తి దించేదాన్ని. కళ్ళు బైర్లు కమ్మినా ఆపలేదు. నొప్పి వస్తే పని జరుగుతోందనుకున్నాను. మేం పని చేసిన తీరంతా అదే కదా, ఒళ్ళు విరిగితేనే రోజు గడిచినట్టు.

వారం తిరక్కుండా ఎడమ మోకాలు తాటిపండంత అయింది. ముట్టుకుంటే కాలుతోంది. అయినా బస్సెక్కి వెళ్ళాను. మెట్లు ఈసారి కూర్చుని, వెనక్కి వెనక్కి ఎక్కాను. ఆ పిల్ల మోకాలు చూసి నిలదీస్తే గుళ్ళ సంగతి చెప్పాను. దాని ముఖం ఎర్రబడిపోయింది.

"నీ కాలు వలేటి మామ్మా, బరువేస్తే మునగడానికి? ఎవులు సెప్పినారు నీకు?"

"ఎవులూ సెప్పలేదు."

"నాను సెప్పింది సేస్తే సాలదేటి? ఇప్పుడు సూడు, ఇన్నాళ్ళ కష్టం నీళ్ళలో పోసినావు. వాపు తీసేదాకా ఏటీ లేదు. ఐసు పెట్టుకుని కూకో."

ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి మీద ఐసు సంచి పెట్టింది. చేపలకి వేసే ఐసే. దాన్ని నా ఒంటి మీద పెట్టుకుని, ఎదుటి అద్దంలో నన్ను నేను చూస్తూ ఉండిపోయాను. నా పెనిమిటి పోయినప్పుడు కూడా నలుగురి ముందూ ఏడవని దాన్ని, ఆ మేడ మీద, ముక్కూ మొఖం తెలియని ఆడవాళ్ళ ముందు ఏడ్చాను. సైకిలు తొక్కుతున్న ఒకావిడ పాటల పెట్టె గొంతు తగ్గించింది. నాకు అది ఇంకా సిగ్గయింది.

ఆ పిల్ల వచ్చి నా ఎదుట నేల మీద కూర్చుంది. అలా ఇట్టే కూర్చున్నందుకు దాని మీద నాకు ఒళ్ళు మండింది.

"ఏటి కావాల మామ్మా నీకు? అసలు సంగతి సెప్పు."

"నాకు నేల మీద కూకోవాల. కూకుని నెగాల. వేట ఆపీలోగా. లేపోతే నా సోటు పోతాది."

సంత కట్టుబాటు అంతా చెప్పాను. అది నా మోకాలి మీద ఐసు సంచి సర్దింది. తర్వాత బయటికి వెళ్ళి డాక్టరుకి ఫోన్ చేసింది. తిరిగి వచ్చి, "కూకోడం నేర్పడానికి ఆయన ఒప్పలేదు. పడిపోతే నెగడం మాత్రం నేర్పమన్నారు, వాపు తగ్గినాక" అంది.

వాపు తగ్గాక చాప మీద మెత్తటి పరుపు వేసి నన్ను పడుకోబెట్టింది. ముందు పక్కకి దొర్లడం. ఎడమ చెయ్యి ఆనించి, నాలుగు కాళ్ళ మీదికి రావడం. పిల్లలు పాకినట్టు కుర్చీ దాకా పాకడం. కుర్చీ పట్టుకుని, బాగున్న కాలు ముందుకు పెట్టి, ముడ్డి ముందు ఎత్తి, తర్వాత తల ఎత్తడం. మొదటి రోజు దొర్లడం దగ్గరే ఆగిపోయి, తిరుగుతున్న ఫ్యాను చూస్తూ పడి ఉన్నాను. చివరికి ఒక రోజు కుర్చీ పట్టుకుని లేచాను. ఆ పిల్ల చప్పట్లు కొట్టబోతే వద్దన్నాను. ఒక్కసారే. మర్నాడు మళ్ళీ లేవడం కుదరలేదు. ఆ మర్నాడు వేట ఆగిపోయింది.

మొదటి సంతకి తెల్లవారుజామునే ఆటోలో బయలుదేరాను. కొడుకు వద్దన్నాడు, కోడలు వద్దంది. గంపల వెంట ఒక ప్లాస్టిక్ స్టూలు కూడా వేసుకున్నాను, కూర్చోవడానికి కాదు, లేవడానికి. ముందు రోజు సాయంత్రం నుంచి నీళ్ళు తాగలేదు, మధ్యలో లేవాల్సిన పని పడకూడదని.

నా చోటు ముందు వదిన కోడలు గోనె చంకన పెట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది. నేను గోనె పరిచి, స్టూలు పట్టుకుని వంగాను. కూర్చున్నాననడం కంటే పడ్డాననడం నిజం. వెన్నులో మెరుపు మెరిసింది. నోటి వెంట మాట రానివ్వలేదు. ఆ కోడలు గోనె మడిచి వెనక్కి వెళ్ళిపోయింది.

అమ్మకం బాగా సాగింది. చిన్న చేపలు, నెత్తళ్ళు, మధ్యాహ్నానికే అయిపోయాయి. ఎండ వాలుతుంటే అందరూ గంపలు సర్దుతున్నారు. నేను నేర్చుకున్నట్టే పక్కకి ఒరిగి, నాలుగు కాళ్ళ మీదికి వచ్చి, స్టూలు మీద చెయ్యి వేసి బరువు మోపాను. జిమ్‌లో కుర్చీ ఇనపది. ఇది పల్చటి ప్లాస్టిక్. స్టూలు కాలొకటి మట్టిలో దిగి, అది పక్కకి తన్నేసింది. నేను మిగిలిన కవళ్ళ మీద బోర్లా పడ్డాను.

వరుసలో అందరూ గంపలు సర్దడం ఆపి చూశారు. నవ్వినా బాగుండేది. ముక్కులో ఉప్పు, నోట్లో మట్టి. మళ్ళీ లేవబోయాను, మళ్ళీ ఒరిగిపోయాను. చోటు దక్కింది, కానీ వచ్చే వారం ఈ నేల మీద నుంచి నన్ను ఎవరు లేపుతారు? ఆ పై వారం?

పక్క నుంచి వదిన గొంతు వినిపించింది. "పిలిస్తే నోరు అరిగిపోతాదేటొదినా?"

నేను పిలవలేదు. అదీ కదలలేదు. చుట్ట ఆర్పి, దాన్ని చెవి సందున దోపుకుని, నా గోనె అంచు కింద ఉన్న ఆ జానెడు నేల వంక చూసింది. నా వంక చూసింది. దానికి ఏం కావాలో నాకు తెలుసు. నాకు ఏం కావాలో దానికీ తెలుసు.

మా అత్త నాకు అప్పగించిన చోటు అది. పడి ఉన్నదాన్ని పడి ఉన్నట్టే ఎడమ చెయ్యి చాపి, నా గోనె అంచు పట్టుకుని, జానెడు నా వైపుకి లాక్కుని ఆ నేల వదిలేశాను.

వదిన తన గంపని ఆ ఖాళీలోకి జరిపింది. వచ్చి నా చంకల కింద చేతులు వేసింది. "ఓలమ్మో, ఎండినా ఇంత బరువేటే నువ్వు" అని తిడుతూ, ఒక్క ఊపున నిలబెట్టింది.