వెయ్యని సవరణ

రేడియో సార్ పోయారు. గురువారం పొద్దున నేను బి.కొత్తకోటలో ఒక పెళ్లి వీడియో తీస్తుండగా ఫోన్ వచ్చింది. తలంబ్రాలు అయ్యేదాకా కెమెరా దించే వీల్లేదు. పెళ్లికూతురు నవ్వుతూనే ఉంది, నేను ఏడుస్తూనే తీశాను. ఎవరూ గమనించలేదు. కెమెరా వెనకాల ఉన్నవాడి మొహం ఎవరు చూస్తారు?

టీవీ విలేకరి అయ్యాక కూడా జనం ఆయన్ని రేడియో సార్ అనే పిలిచారు. అంతకు ముందు ఎన్నో ఏళ్లు భుజాన టేప్‌రికార్డర్ వేసుకుని, మదనపల్లె నుంచి కుప్పం దాకా బస్సుల్లో తిరిగి, రైతుల మాటలు రేడియోకి పంపేవారు. ఎవరింటికి వెళ్లినా ముందు ఫ్యాన్ ఆపమనేవారు, రికార్డింగులో ఆ రొద పడుతుందని. ఎండాకాలంలో పాపం రైతులు చెమటలు కక్కుతూ వేరుశనగ తెగుళ్ల గురించి చెప్పేవాళ్లు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, టీ కొట్లో కూర్చున్నా తలెత్తి ఫ్యాన్ వైపు గుర్రుగా చూసేవారు. టీవీలో ఆయన పక్కన కెమెరా పట్టింది నేనే. నేను నవ్వితే, “మీ కెమెరాకు కండ్లుండాయి గానీ చెవుల్లేవప్పా” అని నన్నే ఎగతాళి చేసేవారు.

రేడియోలో ఉండగా ఒకసారి మదనపల్లె మార్కెట్లో టమోటా ధర తప్పు చదివారట. అది నమ్మి కలకడ నుంచి ఒక రైతు బండి కట్టించుకుని వచ్చి నష్టపోయాడు. మర్నాడు సాయంత్రం అదే వార్తల్లో, ధర కంటే ముందు, “నిన్న నేను చెప్పింది తప్పు” అని సారే చదివారు. ఈ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. “తప్పు ఏ గొంతుతో చెప్పినామో, ఒప్పు గూడా ఆ గొంతుతోనే చెప్పాల” అనేవారు. నాకేమో విసుగొచ్చేది. టీవీలో అంత తీరిక ఎవరికుందని అనుకునేవాణ్ణి.

పుంగనూరు సంగతి ఇప్పుడు చెప్పక తప్పదు. నకిలీ వేరుశనగ విత్తనాలు పట్టుకున్నారని, బస్టాండు దగ్గర అంగడని ఒక అధికారి ఫోన్లో చెప్పి పెట్టేశాడు. మధ్యాహ్నం వార్తలకు బొమ్మలు పంపమని ఛానల్ నుంచి ఒకటే తొందర. బస్టాండు దగ్గర విత్తనాల అంగళ్లు రెండున్నాయి. ఒకటి తెరిచి ఉంది, రెండోది మూసి ఉంది. దొంగ అయితే తెరిచి కూర్చుంటాడా అన్నాను. అన్నది నేనే. సార్ అధికారికి రెండుసార్లు ఫోన్ చేశారు, ఎత్తలేదు. నేను తాళం మీదికి దగ్గరగా వెళ్లి తీశాను. “యజమాని పరారీలో ఉన్నాడు” అని సార్ మైకులో చెప్పారు.

యజమాని కుప్పం ఆసుపత్రిలో ఉన్నాడు, తల్లికి కంటి ఆపరేషన్ చేయించడానికి. నకిలీ విత్తనాలు అమ్మింది తెరిచి ఉన్న అంగడివాడు.

ఆ సాయంత్రమే విషయం తెలిసి, సవరణ వెయ్యమని సార్ ఛానల్‌కి ఫోన్ చేశారు. ఛానల్ పరువు పోతుందన్నారు వాళ్లు, రేపు చూద్దామన్నారు. మర్నాడు మేమిద్దరం పుంగనూరు వెళ్లాం. సార్ ఆ అంగడాయన చేతులు పట్టుకుని తప్పు ఒప్పుకున్నారు. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది.

“నాకు చెప్తే ఏం లాభం సార్? నేను చెయ్యలేదని నాకు తెల్దా? టీవీ సూసినోళ్లకు చెప్పండి” అన్నాడు.

అప్పటి నుంచి సార్‌కి అదొక్కటే ధ్యాస. వారం వారం ఫోన్ చేసేవారు. ఛానల్ చేతులు మారింది, ఫోన్ ఎత్తేవాళ్లు మారారు, కొత్తవాళ్లకు పుంగనూరు ఎక్కడుందో కూడా తెలియదు. చివరికి నా కెమెరా ముందే కూర్చుని, ఫ్యాన్ ఆపించి, సవరణ చదివారు. ఛానల్ వెయ్యలేదు. ఫోన్లలో పెడితే మా బంధువులు చూశారు, అంతే. పాత వార్త మాత్రం ఏటా విత్తనాల కాలం రాగానే ఈ అంగడితో జాగ్రత్త అంటూ ఫోన్లలో మళ్లీ ఊళ్లన్నీ తిరుగుతుంది. అంగడి ఎప్పుడో మూతపడింది. అంగడాయన ఇప్పుడు మదనపల్లె టమోటా మండీలో క్రేట్లు దించుతున్నాడు.

సార్ ఉద్యోగం మానేశారు. నేనూ మానేసి పెళ్లిళ్లలో పడ్డాను. పోయిన నెల ఆసుపత్రిలో చూడ్డానికి వెళితే నా చెయ్యి వదల్లేదు.

“నా గొంతు ఉండంగానే ఏయించప్పా.”

ఛానల్‌వాళ్లతో మాట్లాడుతూనే ఉన్నాను సార్ అన్నాను. అబద్ధం. ఫోన్ చెయ్యడం మానేసి రెండేళ్లయింది. ఆయనకు అది తెలుసని నా అనుమానం. ఇంక ఆయన్ని అడిగి తెలుసుకునే దారి కూడా లేదు.

అంత్యక్రియలైన సాయంత్రం అందరం సార్ ఇంట్లో కూర్చున్నాం. ఏడు గంటలకు సార్‌కి నివాళి వేస్తామని ఛానల్‌వాళ్లు ఫోన్ చేసి చెప్పారట. పుంగనూరు అంగడాయన మండీ నుంచి నేరుగా వచ్చి, గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. సార్ భార్య ఆడవాళ్లతో లోపలి గదిలో ఉన్నారు. నేను టీవీ పెట్టాను.

ఫొటోకి పూలదండ వేసి చూపించారు. తర్వాత, అక్రమార్కులను వణికించిన గొంతు అంటూ ఒక పాత వార్త వేశారు. ఇన్నేళ్లలో అంత మందిని చూపించిన మనిషి, వాళ్లకు దొరికింది ఆ ఒక్కటే. తాళం కనబడగానే రిమోట్ కోసం చెయ్యి చాచాను.

“సౌండు పెంచప్పా, ఈడికి ఇనపడల్యా. ఆయన గొంతు గదా” అని లోపలి నుంచి సార్ భార్య కేక వేశారు.

నేను అంగడాయన వైపు చూశాను. తెర మీద, అంగడి ఫ్లెక్సీలో ఆయనే, నల్ల మీసాలతో, దండం పెట్టి నవ్వుతున్నాడు. కుర్చీలో నెరిసిన మీసాలతో నన్ను చూసి తలాడించాడు.

“పెంచప్పా. అమ్మ ఇంటాంది.”

పెంచాను.