మేక బస్సెక్కిన పుస్తకం

ఎమ్మిగనూరులో మగ్గం నేసే నేను, కూతురికి పుస్తకాలంటే ఇష్టం పుట్టాలని ఆదోనికి పోయినప్పుడల్లా ఒక కథల పుస్తకం తెచ్చేవాణ్ణి. చీర కొనేవాళ్లు కొంగు చూసినట్లు చివరి పేజీ చూసి, నీతి ఉంటేనే కొనేవాణ్ణి. ఇంటికొచ్చినవాళ్ల ముందు ఆమెను నిలబెట్టి ఆ నీతి చెప్పించేవాణ్ణి. కొన్నాళ్లకు ఆమె చివరి పేజీ మాత్రమే చదివి అప్పజెప్పడం నేర్చుకుంది. తెలిసి కూడా, నలుగురూ మెచ్చుకుంటున్నారని ఊరుకున్నాను.

ఒకసారి తొందరలో చూడకుండా, మేక బస్సెక్కే బొమ్మల పుస్తకం తెచ్చాను. ఆమె పడీపడీ నవ్వుతూ మూడుసార్లు చదివింది.

"ఇందులో నీతి ఏముందమ్మా, సెప్పు."

"ఏం ల్యాదు నాయనా! మేక టికెట్టు తినేసింది, కండక్టరు ఇంకోటి ఇచ్చినాడు, దాన్నీ తినేసింది. అంతే!"

మరుసటి వారం దాన్ని అంగట్లో ఇచ్చేసి నీతికథలు మార్చుకొచ్చాను. ఆ తర్వాత ఆమె ఏ పుస్తకమూ అడగలేదు.

మొన్న మనవరాలు బొమ్మల పుస్తకం తెచ్చి నా ఒళ్లో కూర్చుంది. వంటింట్లోంచి కూతురు కేకేసింది.

"తాతతో వద్దు పాపా, కత అయిపోతానే పరీచ్చ పెడతాడు. ఈడికి రా, సెల్లు ఇస్తా."

పిల్ల పుస్తకం నా ఒళ్లోనే వదిలి పరుగెత్తింది. పుస్తకం బదులు సెల్లు ఇవ్వడం తప్పని కూతురికి చెప్పే ముఖం నాకు లేదు.