ఇసుక నింపిన విమానం

నేను ఎన్నడూ విమానం ఎక్కలేదు. నా ఉద్యోగమంతా భూమి కిందే. మణుగూరు దగ్గర ఒక బొగ్గు గనిలో సర్దార్‌గా పనిచేశాను. షిఫ్టులో అందరికంటే ముందు లోపలికి పోయి, పొడవాటి కర్రతో పైకప్పును కొట్టి చూడటం సర్దార్ పని. గట్టి కప్పు ఖంగుమంటుంది. ఊడిపడటానికి సిద్ధంగా ఉన్నదైతే ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు బోలుగా పలుకుతుంది. నేను బాగుందంటేనే మిగతావాళ్లు లోపలికి అడుగుపెడతారు.

పన్నెండేళ్లు నా చెవి తప్పు చెప్పలేదు. ఎనభైల మధ్యలో ఒక వానాకాలం, కప్పు ఖంగుమంది, నేను బాగుందన్నాను, గంట తిరక్కుండా అది నా కాలి మీద పడింది. పనివాళ్లంతా తప్పించుకున్నారు. నన్ను బయటికి తీయడానికి నాలుగు గంటలు పట్టింది. కాలు విరిగిన సంగతి కాలనీ అంతటికీ తెలుసు. మళ్లీ గనిలోకి దిగాలంటే నాకు భయంగా ఉందన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు అసలే చెప్పలేదు. దిగకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే ఆ రెండు గదుల క్వార్టర్ కూడా లేదు. పైన పని ఇమ్మని అడగొచ్చు, కానీ సర్దార్ భయపడ్డాడంటే కాలనీలో తలెత్తుకు తిరగలేను. నా పౌరుషం అంత గొప్పది మరి.

కాలికి తొడదాకా సిమెంటు కట్టు వేశారు. కిటికీ పక్కన మంచం, కిటికీ అవతల వాన, వాన అవతల అడవి. గోదావరి పొంగి భద్రాచలం రోడ్డు తెగితే పలకరించడానికి వచ్చేవాళ్లు కూడా ఆగిపోయారు. అలాంటప్పుడు, ఓడల్లో పనిచేసే నా బామ్మర్ది సెలవు మీద వచ్చి తెచ్చి ఇచ్చిపోయిన మూడు అట్టపెట్టెలు విప్పాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన ఫైటర్ విమానాల బొమ్మ కిట్లు అవి. ప్లాస్టిక్ చట్రానికి అతుక్కుని ఉన్న ముక్కలను బ్లేడుతో కోసి, గరుకు కాగితంతో రుద్ది, జిగురుతో అతికించి, రంగులు వేసుకోవాలి. పిల్లల ఆట అని ఈసడించుకుంటూనే మొదలుపెట్టాను.

కిట్‌తో వచ్చిన కాగితంలో రాసిన రంగులు ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఏ కొట్టులోనూ దొరకవు. నా భార్య బజారుకు పోయి తలుపులకు వేసే ఆకుపచ్చ, నలుపు, తెలుపు తెచ్చింది. పచ్చడి జాడీ మూతలో వాటిని కలుపుకునేవాణ్ని. రంగు చిక్కగా ఉందని కొట్టువాడిచ్చిన థిన్నర్ పోస్తే మొదటి రెక్క అప్పడంలా ముడుచుకుంది. చివరిదాకా ఆ విమానం వంకర రెక్కతోనే ఉంది. రెక్కల మీది గుండ్రటి గుర్తులను నీళ్లలో నానబెట్టి కాగితం మీంచి జార్చి అతికించడం మాత్రం ఆమెకే అప్పగించాను, నా మొరటు వేళ్లకు అవి చిరిగిపోయేవి. ఒకరోజు కుంచె కడగడానికి నా స్టీలు గ్లాసులో కిరోసిన్ పోయబోతే చటుక్కున లాక్కుంది. ఆ గ్లాసు ముట్టొద్దని గట్టిగా చెప్పి వేరే డబ్బా ఇచ్చింది. గ్లాసు మీద ఇంత ప్రేమేమిటని వెక్కిరించాను.

విమానం పొట్ట రెండు చిప్పలుగా వస్తుంది. లోపల సీటు బిగించి, సీట్లో చిటికెన వేలి కొసంత పైలట్‌ను అతికించి, అప్పుడు రెండు చిప్పలూ మూయాలి. ఆఖర్న పైలట్ తల మీద అద్దం మూత పెట్టాలి. ముందు సరిపోతాయో లేదో చూద్దామని చిప్పలు రెండూ దగ్గరికి పెట్టి, అలవాటు కొద్దీ గోటితో కొట్టాను. బోలుగా పలికింది. బొమ్మే, బోలుగా కాక ఎలా పలుకుతుంది? అయినా నా ఒళ్లు ఝల్లుమంది.

గనిలో బొగ్గు తీసిన ఖాళీల్లో గోదావరి ఇసుక నింపుతాం, కప్పు కూర్చోకుండా. నేను అదే చేశాను. క్వార్టర్ల మరమ్మతుకు పోసిన కుప్పలోంచి దోసెడు ఇసుక తెప్పించి, టీ వడపోసే జాలిలో జల్లించి, వడ్రంగి జిగురు కలిపి, రెండు చిప్పల్లోనూ అంచుల దాకా కూరి మూసేశాను. ఆరాక కొట్టి చూస్తే గట్టిగా పలికింది. ప్రాణం హాయిగా ఉంది. అప్పుడు చూశాను, పైలట్ కాగితం మీదే పడుకుని ఉన్నాడు. వాడికి లోపల చోటు లేదు. నేల మీద నిలబెడితే ఇసుక బరువుకు చక్రాల కాళ్లు రెండూ చెరో పక్కకు బార్లా చాపుకున్నాయి.

నా భార్య పడిపడి నవ్వింది. అది ఎగిరే విమానమా, గోదాట్లో మునిగే పడవా అని అడిగింది. బరువుంటే గాలికి కిందపడదని నేను సర్దుకున్నాను. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది నా జవాబు. పైలట్‌ను కిటికీ గట్టు మీద నిలబెట్టాను.

రెండో విమానంలో ఇసుక పోయలేదు. పైలట్‌కు శ్రద్ధగా ముఖం దిద్ది, గోధుమరంగు చొక్కా వేసి సీట్లో కూర్చోబెట్టాను. జిగురు ఇంకా పెట్టలేదు. చిప్పలు మూసి, అద్దం మూత చేతిలోకి తీసుకున్నాను. అది పెడితే వాడు ఇక కదలడానికి లేదు. పట్టకారుతో వాణ్ని బయటికి లాగి మొదటివాడి పక్కన పెట్టి, ఖాళీ సీటు మీద మూత బిగించాను. మూడో విమానానికీ అంతే జరిగింది. ముగ్గురూ గట్టు మీద వరసగా నిలబడి వాన చూస్తూ ఉండేవాళ్లు.

కట్టు విప్పారు. ఎముక అతికింది, ఇక పనికి పోవచ్చన్నాడు దవాఖానాలో డాక్టరు. లోపల పొడుస్తోందని అబద్ధం చెప్పి రెండు వారాలు సంపాదించాను. మళ్లీ పోయి, మళ్లీ కుంటి, ఇంకో రెండు వారాలు. ఈలోగా ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన దిగితే, తీగ మీది బట్టలు తడుస్తాయని నేను పరుగెత్తాను. బట్టలతో వెనక్కి తిరిగేసరికి నా భార్య గుమ్మంలో నిలబడి ఉంది. నా కాలు చూసింది.

మర్నాడు కిటికీ గట్టు తుడుస్తూ పైలట్లను అరచేతిలోకి తీసుకుంది.

"వీళ్లెందుకు బయటున్నరు?"

ఇసుక వల్ల చోటు లేదన్నాను.

"ఇసుక ఒక్కదాంట్లనే గద పోసినవ్."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "నాకు దిగాల్నంటె భయమైతున్నది" అన్నాను. పైకి అనడం అదే మొదలు. ఏం కాదులే అంటుందనుకున్నాను, లేదా మానెయ్యమంటుందనుకున్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"పన్నెండేండ్ల సంది నువ్వొక్కడివే దిగుతున్నవనుకున్నవా?"

గని పైన, తలదీపాలిచ్చే లాంప్ రూములో ప్రతి మనిషికీ ఒక నంబరు బిళ్ల ఉంటుంది. దిగేటప్పుడు అక్కడ ఇస్తాం, పైకి వచ్చాక తీసుకుంటాం. ఎవరి బిళ్ల మిగిలితే వాడింకా లోపలున్నట్టు. పెళ్లయిన కొత్తలో గొప్పగా ఆమెకు చెప్పింది నేనే.

"నీ బిళ్ల ఆడుంటది, నాకు కనవడదు. నువ్వు పోంగనే నీ గ్లాసు బోర్లిస్త. వచ్చినంక మలుపుత. గా గ్లాసు కింద నేను గూడ ఉంట" అంది.

షిఫ్టు నుంచి రాగానే బోర్లించిన గ్లాసు తిప్పి నాకు నీళ్లిచ్చేది. దుమ్ము పడకుండా పెట్టిందనుకునేవాణ్ని. పన్నెండేళ్లు ఆ నీళ్లు తాగాను. సిగ్గుతో చచ్చిపోయాను.

పైన పని అడుగు, నీకు సిగ్గయితే నేను వచ్చి అడుగుతానంది. నేనే గని ఆఫీసుకు పోయి అడిగాను, భయం సంగతి కూడా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఖాళీ వచ్చినప్పుడు చూద్దాం, అప్పటిదాకా దిగాల్సిందేనన్నారు.

మొదటి రోజు పొద్దున గుమ్మం దాటి నాలుగడుగులు వేశానో లేదో, వెనక వంటింటి గట్టు మీద స్టీలు గ్లాసు బోర్లించిన చప్పుడు వినిపించింది. కప్పు శబ్దాన్ని తప్ప దేన్నీ పట్టించుకోని చెవి నాది. ఆ తర్వాత ఏడాదిన్నర, దిగిన ప్రతి షిఫ్టుకూ ఆ చప్పుడు విన్నాకే కదిలాను. లోపల కర్రతో కప్పును కొడుతున్నప్పుడు అది కూడా చెవిలో ఉండేది. భయం తగ్గలేదు. పైలట్లను కూడా ఎక్కించలేదు.

చివరికి పైన పని దొరికింది. ఆ విమానాలు ఎప్పుడో పోయాయి. మా ఇంట్లో ఇప్పటికీ కడిగిన గ్లాసులు ఎవరూ బోర్లించరు. దుమ్ము పడితే మళ్లీ కడుక్కుంటాం.