బాపు నిద్ర చెడని హెడ్‌ఫోన్లు

దగ్గరికి జరిగి కూర్చోండి, ఒక ముచ్చట చెప్తాను. వాక్‌మన్లు కొత్తగా వచ్చిన రోజులవి. శ్రీరాంపూర్ బొగ్గుగనుల దిక్కు పోయే బస్సులో నా పక్కన కూర్చున్న యువకుడి ఒడిలో రెండు హెడ్‌ఫోన్లు ఉన్నాయి.

“బావ దుబాయ్ నుంచి తెచ్చిండు, ఒకటి ఏరుకోమన్నడు. నేను ఇంగ్లీషు మెటల్ పాటలు వింట అవ్వా, డ్రమ్ములు దద్దరిల్లుతయి. బయటికి వినవడుతదా, జర చెప్పు,” అన్నాడు.

బస్సు ఆగి ఇంజన్ బంద్ అయ్యాక అతను వాక్‌మన్‌లో పాట పెట్టి ఒక్కోటి చెవులకు తగిలించుకుంటే, నేను పక్కనుంచి విన్నాను. సోకైన చిన్నదాంట్లోంచి గిన్నెలు దొర్లిన చప్పుడు వచ్చింది. చెవులను మూసేసే పెద్దదాంట్లోంచి ఏమీ రాలేదు.

“చెవులకు కొబ్బరిచిప్పలు కట్టుకున్నట్టున్నది కొడుకా!” అని నవ్వాను.

“ఉండనియ్యి అవ్వా. మా బాపు రాత్రి డ్యూటీ చేసి పగలు పంటడు. మా ఇల్లంత ఒక్కటే అర్ర. నిద్ర చాలకపోతే బొగ్గుబాయిల దిగినోని పానానికే ముప్పు,” అంటూ చిన్నదాన్ని బావ కోసం సంచిలో వేశాడు.

అప్పటి నుంచి పగలు ఎవరు పడుకున్నా గిన్నెలు చప్పుడు కాకుండా గుడ్డ మీద దించుతాను. మీ ఇంట అలిసి వచ్చినవాళ్లకు కమ్మటి నిద్ర పట్టాలి.