అక్క ఒళ్ళో పోస్టరు

మా అక్క ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే అమ్మ ఇప్పటికీ "ఏదో యూనివర్సిటీలో" అని మాట దాటేస్తుంది. నేనైతే ఒక్క ముక్కలో చెబుతాను: మేధావుల నోళ్ళు మూయించడం. వాళ్ళు కనిపెట్టినదానికి అక్క పేటెంటు దరఖాస్తు పెట్టి, దాన్ని తయారుచేసే కంపెనీని వెతుకుతుంది. దరఖాస్తు వెళ్ళకముందే అది నలుగురి కంటా పడిందా, హక్కు పోయినట్టే. మేధావులకేమో నోట్లో నువ్వుగింజ నానదు.

నాది యూనివర్సిటీ గేటు ఎదురుగా ప్రింటింగు షాపు. ఆరోజు క్యాంపస్‌లో ప్రదర్శన. పొద్దున్నే షట్టరు సగమే ఎత్తి, కొత్త మిషను రంగులు వీధంతా చూడాలని ఒక పోస్టరును అద్దానికి అతికిస్తున్నాను. ప్రదర్శన కోసం కెమిస్ట్రీ మేడం అచ్చు వేయించుకున్నది. కుళాయి నీళ్ళలోంచి విషపు లోహాలను పట్టేసే జల్లెడ, ఆవిడ ఎనిమిదేళ్ళ కష్టం.

నేను ఇంట్లో మర్చిపోయిన కళ్ళజోడు ఇద్దామని షట్టరు కింద వంగి వచ్చిన అక్క, దాన్ని చూసి ఆగిపోయింది.

"ఎవరైనా చూశారా?"

"ఇంకా లేదే. రంగులు బాగొచ్చాయి కదూ?"

"బుద్ధుందా నీకు? దరఖాస్తు ఇంకా నా దగ్గరే ఉంది. మూడు ప్రశ్నలడిగి మూడు వారాలైంది, మేడం జవాబే చెప్పలేదు. దింపు."

చచ్చినట్టు దింపాను. అక్క దాన్ని చుట్టి ఒళ్ళో పెట్టుకుని, నా స్టూలు మీదే కూర్చుని మేడమ్‌కి ఫోను చేసింది. ఆవిడ ఆయాసపడుతూ వచ్చింది.

"పోస్టరు ఇవ్వమ్మా, పదకొండింటికి ప్రదర్శన."

"ఇస్తాను మేడం. ముందు ఆ మూడు జవాబులు చెప్పండి."

"పోస్టరేగా, ఇంత రాద్ధాంతం ఎందుకు?"

"ఇవాళ ఇది గోడెక్కిందంటే మీ జల్లెడను ఏ కంపెనీ ముట్టుకోదు. ఎనిమిదేళ్ళూ బూడిదలో పోసినట్టే."

మేడం ముఖం వాడిపోయింది. కాగితాల కట్ట మీద కూలబడి చెప్పడం మొదలుపెట్టింది. అక్క లాప్‌టాప్‌లో టైపు చేస్తూంటే నేను షట్టరు పూర్తిగా దించి కాపలా కూర్చున్నాను. బేరాలు పోతే పోయాయి. పదకొండుకు ఐదు నిమిషాలుండగా దరఖాస్తు అందినట్టు నంబరు వచ్చింది. మేడం అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. అక్కకు ఇలాంటివి చేతకావు. "పరిగెత్తండి, టైమైంది" అని పోస్టరు చేతిలో పెట్టింది.

మూడేళ్ళకు ఆ జల్లెడ బజారులోకి వచ్చింది. మొన్న మా వంటింటి కుళాయికి బిగించాను. డబ్బా మీద కంపెనీ పేరుంది, మేడం పేరుంది, అక్క పేరు లేదు. నాకు ఒళ్ళు మండింది.

అమ్మ గ్లాసెడు నీళ్ళు పట్టుకుని తాగి, "ఇంతకీ ఇందులో నువ్వు చేసిందేమిటే?" అంది.

"వీడి షాపులో కాసేపు కూర్చున్నానమ్మా" అని నవ్వేసింది అక్క.

మర్నాడు ఆ పోస్టరు ఇంకో కాపీ తీశాను. అద్దానికి అక్కే అతికించింది.