ఉప్పు మీద అడుగులు

ముందే చెబుతున్నాను, గోరంతను కొండంత చేయకపోతే నాకు అన్నం అరగదు. సూరత్ రింగ్ రోడ్ మార్కెట్లో చీరల దలాలీ చేసి బతికేవాణ్ణి. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే, అమ్ముడుపోని ఆ చీరలే కట్టుకుని తిరుగుతుండేవాణ్ణి. కాబట్టి ఇందులో పొగమంచు మరీ చిక్కగా కనిపిస్తే కాస్త పలచన చేసుకుని చదవండి. ఒక్క బరువును మాత్రం తగ్గించకండి. ఏళ్లుగా మోస్తున్నాను. మా ఆవిడ దాన్ని పొట్ట అనుకుంటోంది.

మా ఉత్తర తెలంగాణ జనం మరమగ్గాల పనికి సూరత్ వచ్చేటప్పుడు బట్టల మూటలతో పాటు పనికిమాలినవి కూడా కొన్ని తెచ్చుకున్నారు. కుందేలు వేట అందులో ఒకటి. వారమంతా మగ్గాల మోతలో చెవులు పోగొట్టుకుని, చలికాలం ఆదివారాల్లో కుక్కలను టెంపోలో ఎక్కించి, డుమస్ సముద్రతీరం దాటి బీడు నేలల్లోకి పోయేవాళ్లం. కర్రలు పట్టుకున్న మగాళ్ల గుంపు, కుక్కల గుంపు, అవతల ఒక కుందేలు. అదీ మా శౌర్యం. చట్టం ప్రకారం నేరం కూడా. ఆ నేరం ఒప్పుకోవడానికి నాకేం కష్టం లేదు. కష్టమైనది వేరే ఉంది.

ఆ నేల మీద ఉప్పు తెల్లగా పొరకడుతుంది. దాని మీదికి పొగమంచు దిగితే కాశ్మీరమని చెప్పినా నమ్ముతారు. నేను చెప్పాను. నమ్మారు. మాతో వచ్చే బ్యాంకు ఆఫీసరు ఒకాయన హిమాచల్‌లో పనిచేసి వచ్చాడు. ఫ్యాను ఆపితే సరిపోయే సూరత్ చలికి ఉన్ని కోటు, చెవుల టోపీ. "మంచులో వేటంటే అడుగులు చదవడమేనండీ. ఈ ఉప్పూ మంచులాంటిదే" అనేవాడు. ఏది కుక్కో ఏది కుందేలో తేల్చుకోవడానికి కళ్లజోడు తుడుచుకునే మనిషి ఆయన.

మల్లేశం మా పక్క ఊరివాడు, మగ్గం కార్మికుడు. ఊరి నుంచి పులి అనే కుక్కను తెచ్చుకున్నాడు. రైల్లో దానికి దుప్పటి కప్పి ముసలమ్మ అని చెప్పాడంటారు. ఆ మాట పుట్టించింది నేనే. పులి ముసలిదైంది, వెనక కాలు ఈడుస్తుంది. మల్లేశం ఉండేది ఒకటే గది. కుక్కను తీసేయమని ఇంటి యజమాని గొడవ, కుక్కో తనో తేల్చమని పెళ్లాం గొడవ. ఆ పొద్దున టెంపోలో మల్లేశం దాని చెవులు నిమురుతూ చెప్పాడు, ఇవాళ ఒక్క కుందేలు పట్టినా ఎవరేమన్నా ఉంచుకుంటానని, లేకుంటే ఎక్కడన్నా విడిచిపెట్టడమేనని. నేను పక్కనే ఉన్నాను. విన్నాను.

నాకూ ఒక కుక్క ఉండేది, సర్దార్. నా కథల్లో అది అప్పటికే ఒక అడవిపందినీ ఒక పోలీసు జీపునూ తరిమింది. నిజంలో పీతను చూసినా తోక ముడిచేది. మా వేటలో ఒక కట్టుబాటు ఉంది. మొదట నోరుపెట్టిన కుక్కకు నుదుట కుంకుమ, దాని యజమానికి కుందేలు తొడ.

కుందేలు లేచింది. దూడంత ఉంది. సరే, మేకపిల్లంత. సరే, కుందేలంతే ఉంది. కుక్కలన్నీ మంచులో మాయమయ్యాయి. నేను అందరికంటే ముందున్నాను, ధైర్యంతో కాదు, ఒంటేలుకు పక్కకు పోయి దారి తప్పి. పొద మలుపు తిరిగేసరికి పులి నిలబడి ఉంది. నోట్లో కుందేలు. నన్ను గుర్తుపట్టి, తోకాడిస్తూ వచ్చి, నా కాళ్ల దగ్గర పెట్టింది. దాని వెనక తెల్లటి ఉప్పు మీద మూడు కాళ్ల అచ్చులు, నాలుగో కాలి గీత, అది పరిగెత్తిన దారంతా.

అప్పుడు నేను చేసింది ఇది. మఫ్లరుతో పులి మూతి తుడిచాను. మట్టిగడ్డ విసిరి దాన్ని తరిమాను. పొద కింద వణుకుతున్న సర్దార్‌ను పట్టీతో ఈడ్చుకొచ్చి, దాని మూతిని కుందేలు మెడకు రుద్దాను. తర్వాత ఆ అచ్చులను చెప్పులతో చెరిపాను. ఆ గీతను రెండుసార్లు.

ఎందుకు? మల్లేశం మీద పగా? లేదు. తొడ కోసం ఆకలా? ఇంట్లో కోడికూర ఉంది. సోమవారం మార్కెట్లో చెప్పుకోవడానికి ఒక కథ కావాలి, అంతే. ఇంత చిన్న కారణానికి అంత పనిచేసినవాణ్ణి ఏమనాలో, మాటలమ్ముకుని బతికే నాకే మాట దొరకడం లేదు.

మల్లేశం రొప్పుతూ వచ్చాడు. "ఎవల్ది పట్టిందన్నా?"

"సర్దార్."

"మా పులి ఇటు రాలేదా?"

"యాడొస్తది తమ్మీ. ముసల్దాయె."

కాసేపు ఉప్పు వంక చూశాడు. "పొద్దుగాల కాళ్లకు నూనె రాసి మస్తు పిసికిన. జర ఉరుకుతదనుకున్న. సర్దార్ పట్టంగ నువ్వు సూసినవు గదా, ఇంకేముంది."

ఆఫీసరు వచ్చి నా చెప్పుల గీకుళ్ల మీదికి వంగాడు. "ఇదిగో, ఇక్కడే సర్దార్ కలబడ్డాడు" అని తేల్చాడు. అందరూ తలలూపారు. సర్దార్‌కు కుంకుమ పెట్టారు, అది తుమ్మింది. తొడ నాకు వచ్చింది. తిన్నాను. రుచిగానే ఉంది. నాకు అన్నిటికన్నా అసహ్యం అదే.

మరుసటి ఆదివారం మల్లేశం పులిని కడోదరా దాటి హైవే మీద విడిచిపెట్టాడు. అక్కడ చాయ్ దుకాణం వాడు, చీపురంత మీసాలవాడు, దాన్ని చేరదీసి శనగపిండి గాఠియా మేపాడు. లారీలు పక్కకు తప్పుకుని పోయేంత లావైంది. ఒకసారి నేను పోయి చూశాను. ఎండలో పడుకుని ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

మొన్న ఒక పెళ్లిలో మల్లేశం కొత్త కుర్రాళ్లకు సర్దార్ గొప్ప చెబుతున్నాడు. "అన్న కుక్క అంటే కుక్క గాదుర బయ్" అంటున్నాడు. నేను ఇంకో జిలేబీ వేయించుకున్నాను.

ఇక ఏది కల్పించానో చెప్పాలి. ఉప్పు కాదు. మఫ్లరు కాదు. తొడ కాదు. చాయ్ దుకాణం వాడు లేడు. అక్కడ దుకాణమే లేదు. నేను పోయి చూసిందీ లేదు. మల్లేశం పులిని దింపి బండి తిప్పాడు. అది వెంటపడింది, అద్దంలో కనబడినంత దూరం. ఆ రాత్రే నా దగ్గరికి వచ్చి చెప్పాడు.

"గా కాలుతోని గంత జోరుగ ఉరుకుతదని నాకు తెల్వదన్నా."

నాకు తెలుసు. అప్పుడు అనలేదు. ఇప్పుడు రాశాను.